నాన్నగారి టీ బన్ను: పిండి పదార్థాలు తక్కువగా ఉండే మిశ్రమంతో కుదురుతుందా?

వాల్తేరు వాణి (విశాఖపట్నం), శనివారం ఉదయం 10.20

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద టపా, ఓపికగా చదవండి.

మా నాన్నగారికి 71 ఏళ్ళు. గూడ్సు బండి గార్డుగా కొత్తవలస–కిరండూల్ లైనులో చాలా ఏళ్ళు పనిచేశారు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం వేసుకుని ఘాటు దిగే బండ్లు ఎక్కడ ఎంతసేపు ఆగుతాయో ఎవరికీ తెలియదు. ఇంటి నుంచి తీసుకెళ్ళిన క్యారేజీ మధ్యాహ్నానికే ఖాళీ. అరకు చలిలో అర్ధరాత్రి సిగ్నలు పడక బండి నిలబడిపోతే, ఆయనకు తోడుగా ఉండేవి ఫ్లాస్కులో టీ, కాగితం పొట్లంలో రెండు బన్నులు. ఉద్యోగం అయిపోయి పదకొండేళ్ళయింది. అయినా సాయంత్రం నాలుగున్నరకు బన్ను టీలో ముంచుకుని తింటేనే ఆయనకు పొద్దు గడిచినట్టు.

ఈ జనవరిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) 8.9 వచ్చింది. మైదా మానేయమన్నారు డాక్టరు గారు. నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా మానేశారు. నన్ను బాధపెట్టింది అదే. అడిగితే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. అడగరు. ఉత్త టీ గ్లాసు పట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంటారు.

అందుకని ఆన్‌లైనులో ఒక రెడీమేడ్ మిశ్రమం తెప్పించాను. 220 గ్రాముల పొట్లం. ఒక గుడ్డు, నీళ్ళు కలిపి ఓవెన్లో పెడితే నాలుగు బన్నులు వస్తాయని ఉంది. పొట్లం ముందు పెద్ద అక్షరాలతో "నికర పిండి పదార్థం 3 గ్రాములే" అని వేశారు. వచ్చాయి, చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. నాన్నగారు టీలో ముంచారు. రెండు ముంపులకే ముక్క విరిగి గ్లాసు అడుగుకు చేరింది. విరగని చోట టీ లోపలికి దిగనే లేదు, పైపైన జారిపోయింది. అయినా నా కోసం రెండు బన్నులు తిన్నారు. తినే ముందు చూసిన షుగరు 132, రెండు గంటల తర్వాత 198. జనవరికి ముందు బేకరీ బన్నులు రెండు తిన్న రోజు ఒకసారి చూస్తే 236 ఉంది. తగ్గిన మాట నిజమే కానీ, బన్నుకు 3 గ్రాములు మాత్రమే ఉంటే ఇంత పెరగాలా?

ఇంతకీ నా ప్రశ్నలు రెండు. ఆ పొట్లం మీది లెక్క నిజమేనా? టీని పీల్చుకునే బన్ను మైదా లేకుండా చేయగలమా?

డల్లాస్ పద్మ, శనివారం ఉదయం 11.05

వాణీ, పొట్లం ముందు భాగం పక్కన పెట్టి వెనక భాగం చదువు. అక్కడి పోషకాల పట్టికను, వాడిన దినుసుల వరుసను ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయి. దినుసుల వరుస మార్చకు. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత రాయాలన్నది నియమం. అసలు కథ ఆ వరుసలోనే ఉంటుంది.

వాల్తేరు వాణి, శనివారం ఉదయం 11.30

పద్మక్కా, ఇదిగో. దినుసులు: బాదం పిండి, గోధుమ గ్లూటెన్, టాపియోకా స్టార్చ్, మాల్టిటాల్, ఇసబ్గోలు, బేకింగ్ పౌడర్, ఉప్పు. పట్టిక 100 గ్రాములకు: మొత్తం పిండి పదార్థాలు 42 గ్రాములు, అందులో పీచు 17, పాలియాల్స్ 13. ప్రోటీను 24, కొవ్వు 25. సర్వింగు, అంటే ఒకసారి తినే కొలత, 25 గ్రాములు అని చిన్న అక్షరాల్లో ఉంది.

గోదారి గట్టు (పెద్దాపురం), శనివారం మధ్యాహ్నం 12.10

అమ్మా వాణీ, టాపియోకా అంటే మన కర్రపెండలమే. మా సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళేది ఆ దుంపే. సగ్గుబియ్యం అంటే దాదాపు అంతా పిండి పదార్థమే కదా. దాన్ని మూడో దినుసుగా వేసి షుగరు ఉన్నవాళ్ళకు అమ్మడం నాకు నచ్చలేదు. నాకు 14 ఏళ్ళుగా మధుమేహం ఉంది. సగ్గుబియ్యం పాయసం ఒక చిన్న గిన్నె తింటే నా మీటరు ఎంత చూపిస్తుందో నాకు బాగా తెలుసు.

డల్లాస్ పద్మ, శనివారం మధ్యాహ్నం 12.45

బాబాయి గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇక లెక్క చూద్దాం.

నికరం అంటే షుగరును పెంచవనుకునేవి తీసేశాక మిగిలేది. వాళ్ళ లెక్క ఇది: 42లోంచి పీచు 17, పాలియాల్స్ 13 తీసేస్తే 12. అది 100 గ్రాములకు. 25 గ్రాముల సర్వింగుకు 3. పొట్లం మీది 3 ఇదన్నమాట. కూడికలో తప్పు లేదు. కానీ నువ్వు 220 గ్రాములతో చేసింది నాలుగు బన్నులు. ఒక్కో బన్నులో 55 గ్రాముల మిశ్రమం ఉంది. అంటే ఒక బన్ను రెండు సర్వింగుల కన్నా ఎక్కువే.

రెండో సంగతి మాల్టిటాల్. ఇలాంటి తీపి పదార్థాలను పాలియాల్స్ అంటారు. వీటన్నింటినీ ఒకే గాటన కట్టి తీసేయకూడదు. ఎరిత్రిటాల్ రక్తంలో గ్లూకోజును దాదాపు పెంచదు. మాల్టిటాల్ అలా కాదు, చక్కెరంత కాకపోయినా పెంచుతుంది. అందుకని నేను దాన్ని సగం లెక్కిస్తాను. అలా వేస్తే ఒక బన్నుకు 55 గ్రాముల మీద సుమారు 10 గ్రాములు వస్తుంది. నాన్నగారు తిన్నది రెండు, అంటే 20. టీలో పాలు 100 మిల్లీలీటర్లు ఉంటే ఇంకో 5. మొత్తం పాతిక. 198 ఎందుకు వచ్చిందో తెలిసింది కదా.

ఇక్కడ అమెరికాలో "నికర పిండి పదార్థం" అన్న మాటకు ప్రభుత్వపరమైన నిర్వచనం లేదు. ఎవరి లెక్క వాళ్ళది. ఇంకో చిక్కు కూడా చెబుతాను, బయటి దేశాల సరుకు తెప్పించుకునే వాళ్ళకు పనికొస్తుంది. అమెరికా లేబుళ్ళలో మొత్తం పిండి పదార్థాల్లో పీచు కలిసే ఉంటుంది, కాబట్టి తీసేయాలి. యూరప్ లేబుళ్ళలో పీచును ముందే విడిగా చూపిస్తారు. అక్కడ మళ్ళీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది.

వాల్తేరు వాణి, శనివారం మధ్యాహ్నం 1.00

అక్కా, మనసులో ఉన్న ముడి విప్పినట్టయింది. నిన్న రాత్రి నాన్నగారికి కడుపు ఉబ్బరంగా ఉందన్నారు. అది కూడా దీనివల్లేనా?

డల్లాస్ పద్మ, శనివారం మధ్యాహ్నం 1.08

అయి ఉండవచ్చు. మాల్టిటాల్ ఎక్కువైతే ఉబ్బరం, విరేచనాలు మామూలే.

కొర్రల చేను (అనంతపురం జిల్లా), శనివారం సాయంత్రం 4.15

ఇంత తంటా ఎందుకండీ? కొర్ర పిండితో బన్ను చేయవచ్చు కదా. మా చేలో కొర్రలు, అండుకొర్రలు పండిస్తున్నాం. చిరుధాన్యాలు షుగరుకు మంచివని దేశమంతా చెబుతోంది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి కూడా జరిపింది. వాణి గారికి కావాలంటే రెండు కిలోలు పంపిస్తాను, డబ్బు వద్దు.

పోషణ సునీత (హైదరాబాద్), శనివారం సాయంత్రం 5.30

నేను ఆసుపత్రిలో పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. చేను గారూ, మీ మంచి మనసుకు నమస్కారం. అన్నం బదులు కొర్ర అన్నం తినమని నేనే రోగులకు చెబుతుంటాను. పీచు ఎక్కువ, ఖనిజాలు ఎక్కువ. కానీ వాణి గారు అడుగుతున్నది వేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం బియ్యంలో 100 గ్రాములకు 78 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. కొర్రల్లో దాదాపు 60, జొన్నల్లో, రాగుల్లో 67 దాకా. బియ్యం కన్నా మేలే, కానీ "తక్కువ పిండి పదార్థం" అనే కోవలోకి ఇవేవీ రావు. పైగా ధాన్యాన్ని పిండి పట్టించి బన్ను చేస్తే గింజగా వండినప్పటి కన్నా త్వరగా అరుగుతుంది.

బాదం పిండిలో 100 గ్రాములకు సుమారు 21 గ్రాములు, అందులో సగానికి పైగా పీచు. తేడా ఎంతో చూడండి.

కొర్రల చేను, శనివారం సాయంత్రం 6.02

సునీత గారూ, ఈ లెక్క నాకు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. మా దగ్గర కొనేవాళ్ళకు ఇకపై "ఎంతైనా తినవచ్చు" అనకుండా, కొలత చూసుకోమని చెబుతాను.

నిప్పుల పొయ్యి (తెనాలి), శనివారం రాత్రి 9.50

రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మాది మూడు తరాల బేకరీ. తాతగారు కట్టిన కట్టెల పొయ్యి ఇప్పటికీ ఉంది.

బన్ను టీని ఎందుకు పీల్చుకుంటుంది? మైదా తడిపి పిసికితే అందులోని గ్లూటెను అనే ప్రోటీను రబ్బరు వలలాగా సాగుతుంది. ఈస్టు వదిలే గాలి ఆ వలలో చిక్కుకుని వేల గూళ్ళు కడుతుంది. గూళ్ళ గోడల్లో ఉన్న పిండి వేడికి ఉడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడుతుంది. టీ ఆ గూళ్ళలోకి దిగుతుంది, గోడలు మెత్తబడినా వల ఉంది కాబట్టి తెగవు. ముంచి తీసి నోటి దాకా తెచ్చేంత సేపు నిలుస్తుంది. మంచి టీ బన్ను లక్షణం అదే.

మీ పొట్లంలో బాదం పిండి అన్నిటికన్నా ఎక్కువ. అందులో సగం నూనె. నూనె ఉన్న చోటికి టీ దిగదు, జారిపోతుంది. ఇక అందులో ఈస్టు లేదు, బేకింగ్ పౌడరు మాత్రమే ఉంది. దానితో వచ్చేది కేకు గుల్ల, బన్ను గుల్ల కాదు. కేకును టీలో ముంచితే రాలిపోతుంది. మీకు జరిగింది అదే.

కాబట్టి రెడీమేడ్ మిశ్రమం వదిలేయండి. గ్లూటెను పొడి విడిగా దొరుకుతుంది. అది, బాదం పిండి సమానంగా తీసుకోండి. నేను రేపు షాపు మూశాక చేసి చూసి కొలతలు రాస్తాను. చూడకుండా చెప్పను.

అమ్మమ్మ వంటిల్లు (నర్సాపురం), శనివారం రాత్రి 10.15

వాణమ్మా, నువ్వు బన్ను అంటుంటే నాకు దిబ్బరొట్టె గుర్తొస్తోంది. అదీ మన బేకింగే కదా తల్లీ. ఇత్తడి గిన్నెలో మందంగా పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. పై పెచ్చు ఎర్రగా, లోపల దూదిలాగా. బియ్యం రవ్వ బాగా తగ్గించి మినప్పప్పు ఎక్కువ వేసి చెయ్యి. నాన్నగారికి ఉదయం పూట బాగుంటుంది.

పోషణ సునీత, శనివారం రాత్రి 10.40

పెద్దమ్మా, మినప్పప్పులో ప్రోటీను, పీచు రెండూ బాగా ఉంటాయి కాబట్టి షుగరు నిదానంగా పెరుగుతుంది. చిన్న ముక్క అయితే నాకూ అభ్యంతరం లేదు. వాణి గారూ, తిన్న రెండు గంటలకు మీటరు మాత్రం చూడండి.

గోదారి గట్టు, ఆదివారం ఉదయం 7.20

కొబ్బరి పిండి సంగతి కూడా ఒక మాట. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి ఊరూరా మారుమోగింది గుర్తుందా? రోజుకు 70 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అప్పుడు మా ఇంట్లో కొబ్బరి పిండితో రొట్టెలు మొదలుపెట్టాం. నేర్చుకున్నది ఒకటే: ఆ పిండి నీళ్ళను విపరీతంగా తాగేస్తుంది. బాదం పిండి ఒక గ్లాసు వేయాల్సిన చోట కొబ్బరి పిండి పావు గ్లాసు చాలు. అదే కొలతతో వేస్తే ఇసుక ముద్దే.

నిప్పుల పొయ్యి, సోమవారం ఉదయం 6.30

చేశాను. మొదటి వాయి సాగుడు రబ్బరు అయింది, మూడో వాయికి దారిలో పడింది. కొలతలు ఆరు బన్నులకు:

గ్లూటెను పొడి 60 గ్రాములు, బాదం పిండి 60, ఇసబ్గోలు మెత్తగా పొడి చేసి 12, ఇన్‌స్టంట్ ఈస్టు 5, ఉప్పు 3, వెన్న 15, గుడ్డు ఒకటి, గోరువెచ్చని నీళ్ళు 120 మిల్లీలీటర్లు, చక్కెర ఒక చెంచా. చక్కెర చూసి భయపడకండి. ఈస్టుకు తిండి కావాలి, ఆ చెంచాలో చాలా భాగం అదే తినేస్తుంది.

పొడులన్నీ కలిపి, తడి కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇసబ్గోలు ఉబ్బి నీళ్ళు పట్టుకోవాలి. తర్వాత రెండు నిమిషాలు మాత్రమే పిసకండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. మైదాను పది నిమిషాలు పిసుకుతాం, ఎందుకంటే అందులో గ్లూటెను నూటికి పది పన్నెండు పాళ్ళే. ఇక్కడ ఏకంగా పొడుల్లో సగం గ్లూటెను. ఎక్కువ పిసికితే నమలడం కష్టం, ముఖ్యంగా పెద్దవాళ్ళ పళ్ళకు.

ఉండలు చేసి తడి గుడ్డ కప్పి గంట. 175 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. అయిపోయాక ఓవెన్ ఆపి, తలుపు కొంచెం తెరిచి పావుగంట లోపలే ఉంచండి. వెంటనే బయటికి తీస్తే కుంగిపోతాయి.

కొన్ని రకాల ఇసబ్గోలుతో లోపల ఊదా రంగు తిరుగుతుంది. పాడైపోలేదు, తినవచ్చు. వేరే రకం మార్చి చూస్తే రంగు మామూలుగా వస్తుంది.

డల్లాస్ పద్మ, సోమవారం ఉదయం 8.15

లెక్క వేశాను. గ్లూటెను పొడిలోంచి 8 గ్రాములు, బాదంలోంచి 6, చక్కెర మొత్తం లెక్కించినా 4. ఆరు బన్నులకు 18, బన్నుకు 3. ఈసారి 3 అంటే 3.

వాల్తేరు వాణి, బుధవారం రాత్రి 9.10

రెండు సంగతులు. ఒకటి సంతోషం, ఒకటి భయపెట్టినది.

బన్నులు పొంగాయి. నాన్నగారు ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు, వేలు తీయగానే మళ్ళీ లేచింది. "బన్నే" అన్నారు. టీలో ముంచితే విరగలేదు. పీల్చుకోవడం మాత్రం కొంచెమే. అయినా ఆయనకు ఎంత నచ్చాయంటే ఈ రోజు మధ్యాహ్నం అన్నం వద్దని నాలుగు బన్నులు, కూర తిన్నారు. నేనూ మంచిదే అనుకున్నాను.

నాలుగు గంటలకు చూస్తే చొక్కా అంతా చెమటతో తడిసింది, చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతోంది. మీటరు 62 చూపించింది. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకు 94 వచ్చింది. ఆ పావుగంట నేను ఎలా ఉన్నానో చెప్పలేను. ఉదయం ఆయన వేసుకునేది మెట్ఫార్మిన్, గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. మాత్ర. అన్నం మానేసినప్పుడు మాత్ర సంగతి ఆలోచించాలని నాకు తట్టలేదు.

పోషణ సునీత, బుధవారం రాత్రి 9.35

వాణి గారూ, మీరు చేసింది సరైన పని. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఈ విషయం నేను శనివారమే రాసి ఉండాల్సింది. చర్చ చదివే అందరికీ చెబుతున్నాను. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకపోయినా క్లోమాన్ని ఇన్సులిన్ వదలమని తొందరపెడతాయి. అన్నానికి సరిపడా మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకూ ఇదే. మెట్ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ ప్రమాదం చాలా తక్కువ.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు మరో జాగ్రత్త. ఇవి షుగరును మూత్రంలో పంపేస్తాయి. వీటిని వాడుతూ పిండి పదార్థాలు బాగా తగ్గించేస్తే రక్తంలో కీటోన్లు (ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు మీటరులో షుగరు మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి మోసపోతాం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకూడదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఇంత గ్లూటెను, అంటే ఇంత ప్రోటీను, డాక్టరును అడగకుండా తినకూడదు. గోధుమ పడని సీలియాక్ రోగులకు ఈ బన్ను పూర్తిగా నిషిద్ధం.

రేపు పొద్దున్నే ఫోను చేసి డాక్టరు గారికి జరిగింది మొత్తం చెప్పండి. అప్పటిదాకా భోజనం ఎప్పటిలాగే పెట్టండి.

గోదారి గట్టు, బుధవారం రాత్రి 10.00

వాణీ, నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ. నాకూ ఒకసారి రాజమండ్రి బస్సులో ఇలాగే అయింది. అప్పటి నుంచి చొక్కా జేబులో గ్లూకోజు బిళ్ళలు లేకుండా గుమ్మం దాటను. నాన్నగారి జేబులో కూడా పెట్టు.

వాల్తేరు వాణి, శుక్రవారం మధ్యాహ్నం 2.20

డాక్టరు గారు గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా.కు తగ్గించారు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం తప్పనిసరి, బన్ను సాయంత్రం మాత్రమే, రెండు వారాలు రోజూ మూడుసార్లు షుగరు చూసి రాసి పెట్టమన్నారు. జేబులో గ్లూకోజు బిళ్ళలు పెట్టాను బాబాయి గారూ.

నాన్నగారు నిన్న ఒక మాట అన్నారు. "బన్ను బాగుంది కానీ ఆ వాసన లేదమ్మా." ఏ వాసన అని అడిగితే చెప్పలేకపోయారు. పొయ్యి గారూ, ఏ వాసన అయి ఉంటుంది? తీపి తగ్గిందని కాదు. ఎరిత్రిటాల్ కొంచెం వేయనా అంటే వద్దన్నారు.

పోషణ సునీత, శుక్రవారం సాయంత్రం 3.10

వేయకపోవడమే మంచిది. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్న వాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కారణం అదేనని తేలలేదు. కానీ ఆయన అడగనప్పుడు 71 ఏళ్ళ మనిషికి కొత్తగా అలవాటు చేయడం ఎందుకు?

నిప్పుల పొయ్యి, శుక్రవారం రాత్రి 10.30

ఆ వాసన నాకు తెలుసు. నాకే కాదు, తెల్లవారుజామున బేకరీ వీధిలో నడిచిన ఎవరికైనా తెలుసు. అది నిల్వ పిండి వాసన.

మా తాతగారి రోజుల్లో ప్రతి రాత్రీ కలిపిన పిండిలో కొంత తీసి తొట్టిలో దాచేవారు. మర్నాడు కొత్త పిండిలో అది కలిపేవారు. రాత్రంతా పులిసిన ఆ ముద్దలోంచే బన్నుకు వాసన వస్తుంది. గంటలో పొంగించిన పిండికి అది రాదు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పద్ధతి పోయింది, మేమూ పండుగ రోజుల్లో మానేస్తున్నాం, ఒప్పుకుంటున్నాను.

బాదం పిండి పులియదు. కాబట్టి ఇలా చేయండి. రాత్రి పడుకునే ముందు 10 గ్రాముల మైదా, 10 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు ఈస్టు కలిపి మూత పెట్టండి. పొద్దున్నకు బుడగలు కట్టి, ముక్కు దగ్గర పెడితే పుల్లగా, కల్లు వాసన లాగా ఉంటుంది. దాన్ని బన్ను పిండిలో కలిపి చక్కెర మానేయండి.

మైదా అంటే ఉలిక్కిపడకండి. పది గ్రాములు, ఆరు బన్నులకు.

డల్లాస్ పద్మ, శుక్రవారం రాత్రి 11.05

పది గ్రాముల మైదాలో పిండి పదార్థం ఏడున్నర. చక్కెర నాలుగు పోయింది. మొత్తం ఇరవై రెండు లోపు, బన్నుకు నాలుగు లోపు. ఒక్క గ్రాము కూడా పూర్తిగా పెరగలేదు. వేసెయ్యి వాణీ.

అమ్మమ్మ వంటిల్లు, శనివారం ఉదయం 5.50

టీ పీల్చుకోవడం లేదన్నావు కదా. మా చిన్నప్పుడు మిగిలిన బన్నులు ఎవరు పారేసేవారు? ముక్కలు కోసి, ఆరిపోయే నిప్పుల మీద పళ్ళెంలో పేర్చి రాత్రంతా వదిలేసేవాళ్ళం. పొద్దున్నకు రస్కులు.

నిప్పుల పొయ్యి, శనివారం ఉదయం 6.15

పెద్దమ్మ గారికి పాదాభివందనం. వారం రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను, ఇంత దగ్గరున్న జవాబు తట్టలేదు. ఇసబ్గోలు నీటిని జిగురులాగా పట్టుకుని కూర్చుంటుంది. గూళ్ళు ముందే తడితో నిండి ఉంటే టీ ఎక్కడికి దిగుతుంది? ఆరబెడితే ఖాళీ అవుతాయి. వాణి గారూ, బన్నును వేలు మందం ముక్కలు కోసి 110 డిగ్రీల దగ్గర గంట ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. రంగు మారకూడదు, తడి మాత్రమే పోవాలి. బాదం నూనె ఉంది కాబట్టి మంట పెంచితే మాడు వాసన వస్తుంది.

వాల్తేరు వాణి, ఆదివారం సాయంత్రం 7.00

నిల్వ పిండితో చేశాను. ఓవెన్లో ఉండగానే నాన్నగారు వరండాలోంచి లేచి వంటింట్లోకి వచ్చారు. ఏమీ అడగలేదు. ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అమ్మ పోయాక ఆయన ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఆరింటిలో మూడు బన్నులు అలాగే ఉంచి, మూడు ముక్కలు కోసి ఆరబెట్టాను. నాలుగున్నరకు టీ ఇచ్చి పళ్ళెంలో రెండు రకాలూ పెట్టాను. ముందు బన్ను వాసన చూశారు. "ఇదే" అన్నారు. తర్వాత రస్కు ముక్క ముంచారు. టీ రంగు మెల్లగా పైకి పాకింది, సగం దాకా. తీశారు, విరగలేదు. కళ్ళు మూసుకుని తిన్నారు.

ఆ తర్వాత అరగంట సేపు మాట్లాడారు. శిమిలిగూడ దగ్గర ఒక రాత్రి బండి ఆరు గంటలు నిలిచిపోతే, ఇంజనులోని డ్రైవరు దగ్గర టీ అయిపోయిందని తెలిసి, ఫ్లాస్కు పట్టుకుని లాంతరు వెలుతురులో బండి పొడవునా నడిచి వెళ్ళారట. ఇద్దరూ రెండు బన్నులు పంచుకున్నారట. ఈ సంగతి నేను నా జీవితంలో మొదటిసారి విన్నాను.

తినక ముందు 124, రెండు గంటలకు 147. కాగితం మీద ఆయనే రాసుకున్నారు.

పోషణ సునీత, ఆదివారం సాయంత్రం 7.20

తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంటే చాలంటాం. 147 అంటే చాలా బాగుంది. రెండు వారాల కాగితం డాక్టరు గారికి చూపించడం మరచిపోకండి.

కొర్రల చేను, ఆదివారం సాయంత్రం 7.45

వాణి గారూ, ఈ రస్కులు ఎన్నాళ్ళు నిల్వ ఉంటాయి? మా అమ్మగారికి కూడా షుగరు. మా ఊళ్ళో ఓవెన్ ఉన్నది మా చెల్లెలి ఇంట్లోనే, వారానికి ఒకసారి చేసి తెచ్చుకోవాలి.

నిప్పుల పొయ్యి, ఆదివారం రాత్రి 9.40

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం, పది రోజులు. అంతకు మించితే బాదం నూనె సిక్కు వాసన వస్తుంది. వేడిగా ఉండగా మూత పెడితే మర్నాటికే మెత్తబడతాయి. మెత్తబడితే మళ్ళీ 110 దగ్గర పావుగంట ఉంచండి. ఓవెన్ లేకపోతే మందపాటి ఇనప మూకుడులో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత వేసి సన్న సెగ మీద చేయవచ్చు. వేడి తెలుసుకోవడం కష్టం కాబట్టి మొదటిసారి రెండు ముక్కలతో చూడండి.

వాల్తేరు వాణి, సోమవారం ఉదయం 8.10

చేను గారూ, మా ఇంట్లో వారం నిలిచేలా లేవు. ఈ రోజు పొద్దున్న నడకకు బయలుదేరుతూ నాన్నగారు నాలుగు ముక్కలు పాత న్యూస్‌పేపరులో చుట్టి ఇమ్మన్నారు. రైల్వే క్వార్టర్స్ దగ్గర బెంచీ మీద ఆయనతో పాటు కూర్చునే పాత గార్డు ఒకాయనకు కూడా షుగరే. ఆయనకు రెండు, ఈయనకు రెండు. ఆయన ఏ మాత్రలు వాడుతున్నారో ముందు అడగమని చెప్పి పంపాను.